పెద్దమనిషి తర్వాత ఎవరు? వృత్తి సంఘాల్లో నాయకత్వంపై ఒక సమీక్ష

ఒక వృత్తిలో బతికేవాళ్లు సంఘంగా కూడినప్పుడు దాన్ని ఎవరు నడపాలి? నడిపేవాళ్లు ఎక్కడి నుంచి రావాలి? నిన్న చేరిన సభ్యుడికి రేపు ముందువరుసలో నిలబడే దారి ఉందా? చేనేత సహకార సంఘాల్లో ఈ ప్రశ్నలకు దాదాపు వందేళ్ల వయసుంది. పత్తి మార్కెట్లలో, హమాలీ సంఘాల్లో ఇవే వేరే రూపంలో వినిపిస్తాయి. గత పాతికేళ్లుగా సాఫ్ట్‌వేర్ రంగంలో అజైల్ పేరుతో ఏర్పడిన వృత్తి సమాజాలు కూడా వీటి చుట్టూనే తర్జనభర్జన పడుతున్నాయి.

కర్నూలు జిల్లా పడమటి భాగం ఈ చర్చకు మంచి నేల. ఎమ్మిగనూరులో 1938లో పుట్టిన నేతగాళ్ల సహకార సంఘం ఒక తరంలో దేశమంతటికీ తెలిసింది. ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న ఆదోని పత్తి వ్యాపారానికి రాష్ట్రంలోనే పేరుపడ్డ కేంద్రం. ఈ రెండు ఊళ్ల పిల్లలు ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేస్తున్నారు. అంటే మగ్గం, మండీ, కంప్యూటరు అనే మూడు వృత్తి లోకాలు ఒకే ఇంటి మూడు తరాల్లో కనిపించే ప్రాంతం ఇది. ఈ మూడింటిలో ఒకదాని అనుభవం మరొకదానికి అందకపోవడం వల్లే చర్చ చిక్కుపడింది. అందుకే దాని చరిత్రనూ, వాదాలనూ, ఇంకా తేలని అంశాలనూ ఒకచోట చేర్చి చూడడం అవసరం.

మనిషి కోసం వెతుకులాట: 1895 నుంచి 1938 దాకా

మద్రాసు రాజధానిలో సహకార ఆలోచనకు పునాది వేసినవాడు ఫ్రెడరిక్ నికల్సన్. రైతుల అప్పుల బాధకు భూమి బ్యాంకులు మందు అవుతాయా అన్న ప్రశ్నపై ఆయన 1895–97 మధ్య పెద్ద నివేదిక సమర్పించాడు. జర్మనీ పల్లెల్లో పరపతి సంఘాలను లేపిన రైఫైజెన్ లాంటి మనిషిని ముందు వెతికి పట్టుకోవాలన్నది ఆ నివేదిక తేల్చిన సారం. చట్టం తర్వాత సంగతి, మనిషి ముందు అన్నమాట. ఈనాటికీ ఆగని వాదులాటకు ఇదే మొదలు.

1904లో పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912 చట్టం పరపతితో పాటు ఉత్పత్తి, అమ్మకం సంఘాలకూ తలుపు తెరిచింది. మద్రాసు రాజధాని 1932లో సొంత సహకార చట్టం చేసుకుంది. 1935లో చేనేత సంఘాలన్నిటికీ పైసంఘంగా మద్రాసులో రాష్ట్రస్థాయి సంస్థ ఏర్పడింది. తర్వాతి కాలంలో కో-ఆప్టెక్స్ అన్న పేరుతో తెలిసింది ఇదే.

మూడేళ్లకు, 1938లో, మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరు నేతగాళ్ల సహకార సంఘం మొదలైంది. అప్పటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి విడివడి ఇటు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. తెలుగు, కన్నడ రెండూ మాట్లాడే ఈ ప్రాంతానికి కరువు కొత్త కాదు. 1876–78 నాటి మహాకరువులో బళ్లారి, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. కరువొస్తే రైతు మొదట మానేసేది బట్ట కొనడం. అందుకే వాన తప్పిన ఏడాది రైతు కంటే ముందే నేతగాడి మగ్గం ఆగిపోయేది. నూలు అప్పుకిచ్చి, బట్ట తానే తీసుకుని, కూలి తానే నిర్ణయించే సావుకారు తప్ప మరో దిక్కు ఉండేది కాదు. సంఘం ఆ సావుకారు స్థానంలోకి వచ్చింది. నూలు ఇవ్వడం, కూలి కట్టడం, బట్టకు మార్కెట్టు వెతకడం తన భుజాన వేసుకుంది. దుప్పట్లు, తువ్వాళ్లు, పరదా బట్టలకు ఎమ్మిగనూరు పేరు దూరదూరాలకు పాకింది. సోమప్పకు పద్మశ్రీ దక్కింది. ఊళ్లో ఒక కూడలి నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

సర్కారు చేయి: 1940 నుంచి 2021 దాకా

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నూలుకు కటకట వచ్చి, దాని పంపిణీ ప్రభుత్వ అదుపులోకి పోయింది. సంఘంలో సభ్యత్వం ఉంటే నూలు దొరుకుతుంది. దాంతో మద్రాసు రాజధాని అంతటా నేత సంఘాలు, సభ్యులు వేగంగా పెరిగారు. ఇక్కడ ఒక మలుపు ఉంది. మనం కలిసి నడుపుకుందామన్న నమ్మకంతో చేరినవాళ్ల పక్కన, సరుకు దొరుకుతుందని చేరినవాళ్లు నిలబడ్డారు. మొదటివాళ్లు సభకు వస్తారు, లెక్క అడుగుతారు. రెండోవాళ్లకు పంపిణీ సక్రమంగా ఉంటే చాలు. నాయకత్వం తయారయ్యేది మొదటి గుంపులో.

1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. మరుసటి ఏడాది మిల్లు బట్టపై అదనపు సుంకం వేసి, ఆ డబ్బు ఖాదీ, చేనేతలకు మళ్లించే చట్టం వచ్చింది. సంఘాలకు వాటా ధనం, నిర్వహణ పెట్టుబడి, రిబేటు, రంగుల అద్దకం కేంద్రాలు ప్రభుత్వం నుంచి అందాయి. 1976లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పైసంఘాలు కలిసి ఆప్కోగా ఏర్పడ్డాయి. అదే ఏడాది మొదలైన జనతా బట్టల పథకం మగ్గాలకు పని చూపింది. కాని ముతక బట్టను ఒకే తీరులో నేయించి, కొత్త డిజైన్లు, కొత్త మార్కెట్లు వెతికే అలవాటును చాలాచోట్ల మాన్పించింది. కొనేవాడు సర్కారు ఒక్కడే అయినప్పుడు సంఘం అధ్యక్షుడికి కావలసిన నేర్పు మారిపోతుంది. బట్ట గురించి తెలిసినవాడి కంటే ఆఫీసు గడప తెలిసినవాడు ముందుకొస్తాడు. ఈ ఎంపిక ఎవరూ కుట్రపన్ని చేసింది కాదు, పథకాల తీరే దాన్ని చేసింది.

చట్టాల దారి కూడా ఇలాగే ఊగిసలాడింది. 1964 నాటి సహకార చట్టం రిజిస్ట్రారుకు విస్తారమైన అధికారాలిచ్చింది. పాలకవర్గాన్ని రద్దు చేయడం, ఎన్నికలు వాయిదా వేసి, ప్రభుత్వం నియమించే పర్సన్ ఇన్‌ఛార్జిని కూర్చోబెట్టడం మామూలైంది. దానికి విరుగుడుగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం వద్దనుకునే సంఘాలకు స్వేచ్ఛ ఇచ్చిన తొలి రాష్ట్ర చట్టం ఇదే. 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘం పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. పాలకవర్గానికి అయిదేళ్ల గడువు, మహిళలకు రెండు స్థానాలు, ఎస్సీ, ఎస్టీలలో ఒకరికి ఒక స్థానం నిర్దేశించింది. అయితే రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో, రాష్ట్ర సంఘాలకు వర్తించే ఆ నిబంధనల భాగం చెల్లదని 2021 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. దానికి ఏడాది ముందే, 2020లో, 1952 నాటి చేనేత బోర్డును కేంద్రం రద్దు చేసింది. వృత్తిలోని మనుషులు ఢిల్లీలో కూర్చుని మాట్లాడే ఒక వేదిక అలా మూతపడింది.

ఎమ్మిగనూరు సంఘం ఈ మార్పులన్నిటి గుండా నడిచింది. మరమగ్గాల పోటీ, నూలు ధరలు, కొనుగోలు బకాయిలు, కొత్త తరం మగ్గం వదిలేయడం అన్నీ కలిసి దాన్ని బాగా కుదించాయి. ఇందులో నాయకత్వ లోపం వాటా ఎంత, మార్కెట్టు వాటా ఎంత అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. ఈ వ్యాసం కూడా ఆ తీర్పు చెప్పదు. కాని ఒకటి స్పష్టం: స్థాపకుడి పేరు ఊరందరి నోటా ఉంది. ఆ తర్వాత సంఘాన్ని మోసినవాళ్ల పేర్లు అలా నిలవలేదు. ఏ వృత్తి సంఘమైనా ఆలోచించవలసిన విషయం ఇది.

ఆదోని: ఒకే యార్డు, అనేక సంఘాలు

ఆదోని మార్కెట్ యార్డు నేత సంఘానికి పూర్తిగా భిన్నమైన నమూనా. ఇక్కడ ఒకే వృత్తి లేదు. పత్తి తెచ్చే రైతు, సరుకు దింపించి అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు, కొనే వ్యాపారి, జిన్నింగ్ మిల్లు యజమాని, మూటలు మోసే హమాలీ, కాటా వేసేవాడు అందరూ ఒకే ఆవరణలో ఉంటారు. ఎవరి సంఘం వారిది, ఎవరి లెక్క వారిది. ఒకరి కూలి పెరిగితే ఇంకొకరి ఖర్చు పెరుగుతుంది. కాబట్టి ఇక్కడ నాయకుడికి మొదట కావలసింది ఎదుటి సంఘంతో కూర్చుని మాట తెగ్గొట్టగల నేర్పు. సరుకు కర్ణాటక వైపు నుంచి కూడా వస్తుంది కనుక రెండు భాషల్లోనూ మాట నెగ్గించుకోగలవాడికి విలువ ఎక్కువ.

మరో తేడా కూడా ఉంది. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద మార్కెట్ కమిటీని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. నేత సంఘంలో, కనీసం చట్టం ప్రకారం, సభ్యుడి ఓటు అధికారానికి మూలం. మార్కెట్ కమిటీలో అలా కాదు. అందువల్ల ఆదోనిలో వృత్తి నాయకత్వం కమిటీ కుర్చీలో కంటే, బయట ఉన్న సంఘాల్లోనే ఎక్కువగా పెరుగుతుంది. రేపు యార్డు నడవాలా, ఆగాలా అని ఎవరి మాట మీద తేలుతుందో వాళ్లే అక్కడ అసలు నాయకులు.

అయిదు వాదాలు

ఈ అనుభవాల మీద, ప్రపంచంలోని ఇతర అనుభవాల మీద కలిపి అయిదు ముఖ్యమైన వాదాలు నిలబడ్డాయి.

మొదటిది స్థాపకుడి వాదం. నికల్సన్ నుంచి వచ్చింది. సంఘం పుట్టడానికి నష్టం భరించగల, పదిమందికి నమ్మకం కలిగించగల ఒక మనిషి కావాలి. ఉమ్మడి ప్రయోజనం ఉన్నంత మాత్రాన సంఘం పుట్టదని 1965లో ఆర్థికవేత్త మాన్‌కర్ ఒల్సన్ తర్కబద్ధంగా చూపించాడు. అందరికీ అందే ఫలం కోసం తానొక్కడే ఎందుకు కష్టపడాలని ప్రతివాడూ అనుకుంటే పని మొదలే కాదు. ఆ మొదటి భారం మోసేవాడే స్థాపకుడు. ఎమ్మిగనూరు ఈ వాదానికి గట్టి ఉదాహరణ.

రెండోది ఓటు వాదం. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో, నేతగాళ్లు కూడా ఉన్న కార్మికుల బృందం పెట్టిన దుకాణం నుంచి దీని వారసత్వం మొదలైంది. వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. అంతర్జాతీయ సహకార కూటమి 1995లో మాంచెస్టరులో ప్రకటించిన ఏడు సూత్రాల్లో సభ్యుల ప్రజాస్వామిక అదుపు, స్వయంప్రతిపత్తి ముఖ్యమైనవి. ఈ వాదానికి గట్టి హెచ్చరిక 1911లోనే సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మిఖెల్స్ నుంచి వచ్చింది. ప్రజాస్వామ్యం కోసం పుట్టిన సంస్థలు కూడా క్రమంగా కొద్దిమంది చేతుల్లోకి పోతాయని జర్మనీ సోషలిస్టు పార్టీని పరిశీలించి ఆయన అన్నాడు. సమాచారం, సమయం, మాట్లాడే నేర్పు ఎవరి దగ్గర ఉంటే వాళ్లే మళ్లీ మళ్లీ ఎన్నికవుతారు.

మూడోది నిపుణుడి వాదం. సంఘం వ్యాపారం కూడా చేస్తుంది గనుక దాన్ని చదువుకున్న మేనేజర్లు నడపాలని దీని మాట. పుణెలోని వైకుంఠ మెహతా సంస్థ వంటి శిక్షణ సంస్థలు ఈ ఆలోచన నుంచే వచ్చాయి. 2025లో ఆనంద్‌లో సహకార విశ్వవిద్యాలయం ఏర్పాటు చేస్తూ పార్లమెంటు చేసిన చట్టం ఈ వాదానికి వచ్చిన తాజా బలం. నిల్వలు, నూలు కొనుగోలు, ఆన్‌లైన్ అమ్మకం చూసుకోవడానికి నిపుణుడు కావాలన్నది కాదనలేని మాట. అయితే జీతానికి వచ్చినవాడు జవాబు చెప్పేది సభ్యులకా, శాఖాధికారికా అన్న దగ్గర ఈ వాదం తడబడుతుంది.

నాలుగోది ఉద్యమ వాదం. కోస్తాలో ఇది బలంగా పెరిగింది. రైతు నాయకుడు ఎన్.జి.రంగా 1930లో చేనేత ఆర్థిక స్థితిపై పుస్తకం రాశారు. 1930ల్లో నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు శిక్షణ పాఠశాల నడిపారు. అదే నిడుబ్రోలులో 1915లో పుట్టిన ప్రగడ కోటయ్య దశాబ్దాలపాటు చేనేత గొంతుగా చట్టసభల్లో నిలబడ్డారు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థకు ఆయన పేరే పెట్టారు. ఈ వాదం ప్రకారం నాయకుడు సంఘం గదిలో తయారు కాడు, హక్కు కోసం జరిగే పోరాటంలో తయారవుతాడు. కొన్ని రకాల బట్టను చేనేతకే కేటాయించిన రిజర్వేషన్ చట్టం, నూలు సబ్సిడీలు, బకాయిల చెల్లింపు ఇలాంటి ఒత్తిడి లేకుండా రాలేదు. లోపం ఎక్కడంటే, పోరాటం బయటి శత్రువును చూపినంత బాగా లోపలి లెక్కల పుస్తకాన్ని చూపదు.

అయిదోది భాగస్వామ్య వాదం. మిగిలినవాటితో పోలిస్తే కొత్తది. 1991లో పరిశోధకులు జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ వృత్తి సమాజాల్లో నేర్చుకోవడం ఎలా జరుగుతుందో వివరించారు. పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దర్జీలు వారి ఉదాహరణల్లో ఒకటి. శిష్యుడు మొదట గుండీలు కుడతాడు, అంచులు మడుస్తాడు. తర్వాత కుట్టు, చివరికి కత్తెర చేతికొస్తాయి. అంచున చిన్నపనితో మొదలై నడిమికి చేరతాడు. మన నేత ఇళ్లలో పిల్లలు ముందు కండెలు చుట్టి, తర్వాత ఆసు పని చూసి, ఆపైన మగ్గం గుంటలోకి దిగడం కూడా ఇదే క్రమం. నాయకత్వం కూడా ఇలాగే అంచెలంచెలుగా నేర్చుకునే పని అని ఈ వాదం అంటుంది.

అజైల్ సమాజాల అనుభవం

భాగస్వామ్య వాదాన్ని ఆచరణలో పెట్టిచూసిన వృత్తి సమాజాల్లో అజైల్ ఒకటి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే చోట పదిహేడుమంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలున్న ప్రకటన రాశారు. పని చిన్న చిన్న విడతలుగా జరగాలి, వాడేవాడితో నిత్యం మాట్లాడాలి, జట్టు తన పనిని తానే నిర్ణయించుకోవాలి అన్నవి అందులోని ముఖ్యాంశాలు. ఆ తర్వాత దేశదేశాల్లో, మన బెంగళూరు, హైదరాబాదుల్లో కూడా, సాయంత్రపు సమావేశాలు, వార్షిక సదస్సులతో వృత్తి బృందాలు పెరిగాయి. వీటిలో జీతం లేదు, ఓటు కూడా చాలాచోట్ల లేదు. కుర్చీలు సర్దినవాడు, మొదటిసారి వచ్చినవాణ్ణి పలకరించినవాడు, తన ప్రాజెక్టులో ఏది కుదిరిందో, ఏది కుదరలేదో పదిమంది ముందు చెప్పినవాడు క్రమంగా నిర్వాహకుడవుతాడు.

సేవ చేసేవాడే నాయకుడన్న ఆలోచనను 1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ ఒక వ్యాసంలో సూత్రీకరించాడు. అజైల్ లోకం దాన్ని తలకెత్తుకుంది. అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌ను వివరిస్తూ జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ రాసిన గైడు తొలి ప్రతి 2010లో వచ్చింది. అంతకుముందు వాడిన ‘సేవక నాయకుడు’ అన్న మాటను 2020 ప్రతిలో సవరించి, జట్టుకు ఈ పద్ధతిలో తోడ్పడే స్క్రమ్ మాస్టర్ జట్టుకూ సంస్థకూ సేవచేసే అసలైన నాయకుడని రాశారు. సేవ పేరుతో నాయకత్వపు బాధ్యత జారిపోకూడదన్న ఆందోళన ఆ సవరణలో కనిపిస్తుంది.

ఈ సమాజాలకూ చిక్కులున్నాయి. రెండు రోజుల తరగతితో వచ్చే ధ్రువపత్రం అనుభవానికి ప్రత్యామ్నాయమా అన్న వివాదం మొదటి నుంచీ ఉంది. 2009లో ష్వేబర్ అలాంటి ధ్రువపత్రాలిచ్చే స్క్రమ్ అలయన్స్ నుంచి బయటికి వచ్చి స్క్రమ్.ఆర్గ్ పెట్టుకున్నాడు. ఒకప్పుడు తిరుగుబాటుగా మొదలైన అజైల్ అలయన్స్, 2024 డిసెంబరు చివర ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసినట్టు ప్రకటించింది. పెద్ద సంస్థ నీడన చేరితే వనరులు దొరుకుతాయి. స్వతంత్రం మిగులుతుందా? సర్కారు వాటా ధనం తీసుకున్న రోజున నేత సంఘాలకు ఎదురైన ప్రశ్నే ఇది.

పక్కపక్కన పెట్టి చూస్తే

స్థాపకుడి మార్గం: సంఘాన్ని పుట్టించడంలో దీనికి సాటి లేదు. నమ్మకం త్వరగా కుదురుతుంది. వారసత్వం దీని బలహీనత. పెద్దమనిషి ఉన్నంతకాలం రెండో వరుస పెరగదు.

ఓటు మార్గం: న్యాయమైనది, సభ్యుడికి హక్కునిస్తుంది. ఎన్నిక అయిదేళ్లకోసారి, అదీ వాయిదాలతో జరిగితే హక్కు కాగితం మీదే ఉంటుంది. సభ్యుడికి లెక్క చదవడం రాకపోతే ఓటు మొహమాటానికి పడుతుంది.

నిపుణుడి మార్గం: వ్యాపారాన్ని నిలబెడుతుంది. సభ్యుణ్ణి పక్కకు నెట్టి కేవలం కూలీగా మార్చే ప్రమాదం ఉంది.

ఉద్యమ మార్గం: పైనుంచి న్యాయం సాధిస్తుంది, కులాలూ ఊళ్లూ దాటి జనాన్ని కూడగడుతుంది. నిత్యం జరగవలసిన చిన్నపనుల పట్ల ఓపిక తక్కువ.

భాగస్వామ్య మార్గం: కొత్తవాళ్లను నిరంతరం తయారుచేస్తుంది. కాని తీరిక ఉన్నవాడికే చేరువ. పొద్దున్నుంచి రాత్రిదాకా మగ్గం మీద కూర్చునే మనిషికి, సుగ్గికి వలసపోయే కుటుంబానికి సాయంత్రపు సమావేశం అందని వస్తువు.

ఈ పోలిక చూస్తే వాదాలు ఒకదానికొకటి శత్రువులుగా కనిపించవు. సంఘం బతుకులో వేర్వేరు దశలకు వేర్వేరు జవాబులుగా కనిపిస్తాయి. పుట్టేటప్పుడు స్థాపకుడు, పెరిగేటప్పుడు నిపుణుడు, అన్యాయం ఎదురైనప్పుడు ఉద్యమకారుడు, అధికారం గడ్డకట్టకుండా ఓటు కావాలి. అయితే భాగస్వామ్యం ఒక దశకు పరిమితం కాదు. అది అన్ని దశల్లోనూ ఉండాలి. అది లేనిచోట మిగిలిన నాలుగింటికీ మనుషులు దొరకరు.

ఎలినార్ ఆస్ట్రమ్ పరిశోధన దీనికి బలమిస్తుంది. ఉమ్మడి చెరువులు, మేతభూములు, చేపల రేవులు తరాలపాటు ఎలా నిలిచాయో 1990లో వచ్చిన పుస్తకంలో ఆమె పరిశీలించింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకుంది. నిలిచిన చోట్ల కొన్ని లక్షణాలు ఉమ్మడిగా కనిపించాయి. నియమం ఎవరికి వర్తిస్తుందో వాళ్లకు దాన్ని మార్చడంలో చోటుంది. కాపలా కాసేవాడు సభ్యులకు జవాబుదారీ. తప్పుకు శిక్ష చిన్నదిగా మొదలై క్రమంగా పెరుగుతుంది. గొప్ప నాయకుడు ఉండడం ఆ లక్షణాల్లో లేదు.

చేరినవాడు ఎదిగే మెట్లు

కొత్తగా వృత్తి సంఘంలో చేరినవాళ్లు ఏం చేయాలన్నదానిపై మూడు లోకాల అనుభవమూ దాదాపు ఒకే క్రమాన్ని చూపిస్తుంది.

మొదటి మెట్టు హాజరు. సర్వసభ్య సమావేశానికి రావడం, చివరిదాకా కూర్చోవడం, మినిట్సు పుస్తకంలో ఏం రాశారో చదవడం. రెండో మెట్టు ఒక చిన్నపని తన పేరున తీసుకోవడం. నూలు చిలపల నాణ్యత చూసి రాయడం, కాటా దగ్గర నిలబడి తూకం సరిచూడడం, సమావేశం కబురు ఇంటింటికీ చేర్చడం ఇలాంటివే. మూడో మెట్టు లెక్క నేర్చుకోవడం. నిల్వ ఎంత, బకాయి ఎంత, పొదుపు నిధిలో సంఘం తన వాటా జమచేసిందా అన్నది అడగగలిగినవాడికి సభలో బరువు వస్తుంది. నాలుగో మెట్టు తగాదా తీర్చడం. అయిదోది బయటివాళ్లతో, అంటే కొనుగోలుదారుతో, అధికారితో, ఎదుటి సంఘంతో సభ్యుల తరఫున మాట్లాడడం. ఆరోది, ఎక్కువమంది ఎక్కనిది, తన పని మరొకరికి నేర్పి తప్పుకోవడం.

అజైల్ బృందాల నుంచి నేత, పత్తి సంఘాలు తీసుకోదగిన అలవాటు ఒకటుంది. రెండు మూడు వారాలకోసారి జట్టంతా కూర్చుని ఏది బాగా సాగింది, ఏది మార్చుకోవాలి అని వెనక్కి తిరిగి చూసుకుంటుంది. దీన్ని రెట్రోస్పెక్టివ్ అంటారు. సహకార సంఘంలో వెనక్కి చూసుకోవడం ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో, అదీ ఆడిటు ముగిశాక జరుగుతుంది. అప్పటికి చెడ్డ నూలు బట్ట అయిపోయి, అమ్ముడుపోక నిల్వలో చేరి ఉంటుంది. నెలకోసారి పేటలోనే అరగంట కూర్చుని నూలు, కూలి, నిల్వ మూడే అంశాలు మాట్లాడుకోవడానికి ఏ చట్టమూ అడ్డుకాదు. కొత్తవాళ్లు నోరు విప్పడం నేర్చుకునే చోటు కూడా అదే అవుతుంది.

అటునుంచి అజైల్ సమాజాలు నేర్చుకోవలసినదీ ఉంది. నేత సంఘం తన సభ్యుడికి కూలి, పొదుపు, కష్టకాలంలో ఆసరా చూపాలని మొదటి నుంచీ అనుకుంది. సదస్సులు జరిపే వృత్తి బృందం, ఉద్యోగం పోయిన సభ్యుడికి ఏం చేస్తుందన్న ప్రశ్నకు ఇంకా గట్టి జవాబు చెప్పలేదు. జ్ఞానం పంచుకోవడం గొప్ప విషయమే. బతుకు భారం పంచుకున్నప్పుడే సంఘం మీద మనిషికి హక్కు, బాధ్యత రెండూ కలుగుతాయి.

ఇంకా తేలనివి

మొదటిది, సభ్యులెవరు? సావుకారు కింద కూలికి నేసేవాడు సొంత మగ్గం ఉన్నా చాలాచోట్ల సంఘం బయటే ఉన్నాడు. 2019–20 నాటి నాలుగో జాతీయ చేనేత గణనలో దేశవ్యాప్తంగా 35 లక్షలకు పైగా చేనేత, అనుబంధ పనివారు నమోదయ్యారు. వారిలో దాదాపు 72 శాతం మహిళలు. అయినా కండె చుట్టే, ఆసుపోసే ఆడవాళ్ల పని ఇంటిపనిలో కలిసిపోయి, సభ్యత్వం మగవాడి పేరున ఉండిపోవడం మామూలు. కత్తిరించిన సభ్యత్వ జాబితా నుంచి నిండైన నాయకత్వం రాదు. మహిళలకు రెండు స్థానాలు కేటాయించడం కంటే ముందు, పనిచేసే ప్రతి మహిళ పేరునా వాటా ఉండాలన్న వాదనకు బలం ఉంది.

రెండోది, గడువు. ఒకే వ్యక్తి ఎన్నిసార్లు పదవిలో ఉండవచ్చు? గడువు పెడితే అనుభవం పోతుందని ఒక పక్షం, పెట్టకపోతే రెండో వరుస ఎండిపోతుందని మరో పక్షం. పదవి వదిలినవాళ్లకు ఓటు లేని సలహాదారు స్థానం ఇవ్వడం మధ్యేమార్గంగా వినిపిస్తోంది.

మూడోది, నాయకుడికి ప్రతిఫలం. ఉచితంగా చేయాలంటే ఇల్లు గడిచినవాడే నాయకుడవుతాడు. జీతమిస్తే పదవి ఉద్యోగమవుతుంది. మగ్గం ఆపి సంఘం పనిమీద తిరిగిన రోజుకు ఆ రోజు కూలి కట్టివ్వడం న్యాయమైన కనీస ఏర్పాటు. దీన్ని కచ్చితంగా అమలు చేసే సంఘాలు తక్కువ.

నాలుగోది, ప్రభుత్వం. దాని డబ్బు లేకుండా మిల్లు, మరమగ్గాల పోటీ మధ్య చేనేత నిలవడం కష్టం. డబ్బుతోపాటు అధికారీ వస్తాడు. 1995 చట్టం స్వేచ్ఛనిచ్చింది గాని పెట్టుబడి ఎక్కడి నుంచి తేవాలో చెప్పలేకపోయింది.

అయిదోది, వలస. కోసిగి, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల నుంచి ఏటా నెలలకొద్దీ పనులకు పోయేవాళ్లు సభకు ఎలా వస్తారు? ఫోను ద్వారా హాజరు, ఫోను ద్వారా ఓటు సాధ్యమే. కాని ముఖాముఖి లేని నమ్మకం ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే చర్చ.

తూకం

ఈ సమీక్షలో ఒక మాట మీద మాత్రం అన్ని వాదాల అనుభవమూ కలుస్తోంది. వృత్తి సంఘానికి ఒక గొప్ప మనిషి దొరకడం అదృష్టం. ఆ మనిషి స్థానంలో మరో మామూలు మనిషి నిలబడి పని సాగించగలగడం సంఘం సాధించుకోవలసిన విషయం. సోమప్ప లాంటివాడు మళ్లీ పుట్టాలని ఎదురుచూసే సంఘం తన సభ్యులను చిన్నచూపు చూస్తున్నట్టే. నికల్సన్ వెతకమన్న మనిషి ఎమ్మిగనూరులో దొరికాడు, తన వంతు చేసి వెళ్లాడు. ఇప్పుడు వెతకవలసింది సభ్యుల్లోనే.

కాబట్టి ఏ సంఘాన్నయినా కొలవడానికి మూడు ప్రశ్నలు చాలు. గత అయిదేళ్లలో మొదటిసారి బాధ్యత తీసుకున్నవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఆడవాళ్లు, కూలి నేతగాళ్లు ఎందరు? పదవి వదిలినవాళ్లలో ఇంకా సభకు వస్తున్నవాళ్లు ఎందరు? నేత సంఘమైనా, హమాలీ సంఘమైనా, సాఫ్ట్‌వేర్ బృందమైనా వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఈ మూడు ప్రశ్నలను మొదటి అంశంగా పెట్టుకోవాలి. జవాబులు మినిట్సు పుస్తకంలో రాయాలి. మరుసటి ఏడాది ఆ పేజీ తెరిచి, అందరి ముందూ చదవాలి.